కాళ్ల కింది బండ చెప్పే పాఠం

మన మంత్రాలయం వైపు ఇళ్లలో పరిచే బేతంచెర్ల బండ సున్నపురాయే. ఒక ముక్కను పొడికొట్టి నిమ్మరసం పిండితే నురగ వస్తుంది, పిల్లలకు చూపించండి.

వాననీరు ఆ రాయిని వేల ఏళ్లు కరిగించగా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఏర్పడ్డాయి. 1884లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్, తర్వాత ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వించారు. మట్టిలో ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. లిడెక్కర్ అనే పండితుడు ఆ జాతికి మన కర్నూలు పేరే పెట్టాడు.

ఖడ్గమృగం బతకాలంటే మేతా, నీళ్లూ ఉండాలి గదా! అంటే ఈ కరువు సీమ ఎల్లకాలం ఇట్లాగే లేదన్నమాట.

"మన ఊళ్లో ఏముందమ్మా, అన్నీ రాళ్లే" అంటారు పిల్లలు. భూగోళమూ, జీవశాస్త్రమూ వాళ్లకు ఆ రాళ్లతోనే మొదలుపెట్టండి. పుస్తకం తరువాత తెరవవచ్చు.