ప్రతి గింజా కనపడాలంటే

పాత పెళ్ళి డీవీడీ ఉంటే తలంబ్రాల దగ్గర ఒకసారి ఆపి చూడండి. పెళ్ళికొడుకుకీ పెళ్ళికూతురికీ మధ్య పసుప్పచ్చటి మబ్బు తప్ప ఏమీ కనపడదు. బియ్యం, ముత్యాలు, దోసిలి చివర వేళ్ళు అన్నీ కలిసి ఒకటే ముద్ద. 2009లో తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్ళికి తొలిసారి హెచ్‌డీ కెమెరా పెట్టించాం. మిక్సింగ్ గదిలో కూర్చుని అదే ఘట్టం చూస్తుంటే, చెల్లెలి బాసికం మీంచి జారుతున్న బియ్యపు గింజ ఒకటి విడిగా, దాని నీడతో సహా కనపడింది.

"తమ్ముడూ, దీన్ని ఇలాగే డిస్కులో పెట్టగలవా?" అని అడిగాను.

"మామూలు డీవీడీ చేస్తే మళ్ళీ ముద్దే అన్నా" అన్నాడు మిక్సింగ్ చేసే కుర్రాడు.

అతను చెప్పింది లెక్క ప్రకారం నిజం. మన దేశంలో డీవీడీ బొమ్మ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. పూర్తి హెచ్‌డీ బొమ్మ 1920, 1080. గుణించి చూస్తే రెండోది మొదటిదానికి సరిగ్గా 5 రెట్లు. డిస్కు మాత్రం అదే 12 సెంటీమీటర్లు. లావు పాళీతో పోస్టుకార్డు మీద రాస్తే నాలుగు ముక్కలు కూడా పట్టవు, పాళీ సన్నబడాలి. డిస్కుకు పాళీ లేజర్ కాంతి. సీడీకి 780 నానోమీటర్ల కాంతి వాడారు, డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు. అంతకన్నా సన్నటి పాళీ కావాలంటే నీలం వైపు వెళ్ళాలి. 1980ల చివరిదాకా కాస్త వెలుగున్న నీలి డయోడే ఎవరి దగ్గరా లేదు, ఇక లేజర్ మాట ఎక్కడిది?

గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో అది సాధ్యమని నమ్మినవాళ్ళు చాలా తక్కువ. దాని స్ఫటికం పగుళ్ళు లేకుండా పెరిగేది కాదు. ఎక్కువమంది జింక్ సెలినైడ్ వెంట పడ్డారు. జపాన్‌లోని నగోయాలో ఇసాము అకసాకి, హిరోషి అమానో మాత్రం గాలియం నైట్రైడ్‌నే పట్టుకుని 1986లో మంచి స్ఫటికం పెంచి చూపించారు. షికోకు ద్వీపంలో అనన్ అనే చిన్న ఊరుంది. అక్కడ ట్యూబులైట్లకూ టీవీ తెరలకూ మెరుపు పొడులు తయారుచేసే నిచియా కంపెనీలో షూజీ నకమురా ఉద్యోగి. అప్పటికి ఆయనకు డాక్టరేట్ కూడా లేదు. నీలి డయోడ్ చేస్తానని నేరుగా వ్యవస్థాపకుడు నొబువో ఒగావా దగ్గరికి వెళ్ళి అడిగితే, ఆయన దాదాపు 50 కోట్ల యెన్లు ఇచ్చారు. అంత చిన్న కంపెనీలో ఆ నిర్ణయం తీసుకున్న ఆ పెద్దాయనంటే నాకు చాలా గౌరవం.

నకమురా కొన్న యంత్రాన్ని తన చేతులతోనే విప్పి, మార్చి, మళ్ళీ బిగించుకున్నారు. వెయ్యి డిగ్రీల వేడి పలక మీదికి వాయువు పంపిస్తే ఆ వేడికే అది పైకి లేచిపోయేది. 1990లో ఆయన పైనుంచి మరో వాయువును వదిలి, మొదటిదాన్ని పలకకు అదిమిపెట్టారు. స్ఫటికం చక్కగా పెరిగింది. 1993 చివర్లో కళ్ళు మిరుమిట్లు గొలిపే నీలి డయోడ్ బయటికొచ్చింది. 1995 ఆఖరుకల్లా ఊదారంగు లేజర్ వెలిగింది, 1999లో అమ్మకానికి వచ్చింది. నీలి డయోడ్‌కు ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

బ్లూ-రే కాంతి 405 నానోమీటర్లు. కటకాన్ని కూడా డిస్కుకు బాగా దగ్గరగా తెచ్చారు. ఈ రెండూ కలిసి కాంతి చుక్క వైశాల్యాన్ని డీవీడీ చుక్కలో ఐదోవంతుకు తగ్గించాయి. 4.7 జీబీ పట్టే చోట 25 జీబీ పట్టింది. బొమ్మ 5 రెట్లు, డిస్కు 5 రెట్లు! ఆ లెక్క కుదిరినచోట నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అయితే కటకం దగ్గరైన కొద్దీ డిస్కు పైపొర పల్చనై 0.1 మిల్లీమీటరుకు దిగింది, గీత పడితే పని అయిపోయినట్టే. 2003లో జపాన్‌లో సోనీ అమ్మిన మొదటి రికార్డరులో డిస్కును ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి దోపాల్సి వచ్చింది. తర్వాత టీడీకే గట్టి పూత కనిపెట్టడంతో ఆ పెట్టె పోయింది. పోటీగా తోషిబా తెచ్చిన హెచ్‌డీ డీవీడీ 2008 ఫిబ్రవరిలో తప్పుకుంది.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఇంట్లో తీసిన వీడియో డిస్కుదాకా చేరడంలో మిగతా సగం కెమెరాలోనూ మిక్సింగ్ గదిలోనూ జరిగింది.

2003లో హెచ్.264 అనే కుదింపు పద్ధతి వచ్చింది. దాన్నే పట్టుకుని 2006లో సోనీ, పానసోనిక్ కలిసి చిన్న కెమెరాల కోసం ఏవీసీహెచ్‌డీ తెచ్చాయి. ఇందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడూ ఒకటే పూర్తి బొమ్మ, మధ్యవన్నీ 'ఈ ముక్క అటు జరిగింది, ఆ ముక్క అలాగే ఉంది' అనే చీటీలు. పంతులుగారు కూర్చుని మంత్రాలు చదువుతుంటే చీటీ చిన్నది. తలంబ్రాలప్పుడు వేల గింజలు, ఒక్కొక్కటీ ఒక్కో దారిన పోతుంది, ఏ ముక్క ఎటు జరిగిందో పోల్చుకోలేక లెక్క తడబడుతుంది. ముద్ద అయ్యేది అందుకే.

కత్తిరించేవాడికి ఇంకో కష్టం. మూడో ముడి పడిన క్షణంలో కట్ చేయాలనుకోండి. అక్కడున్నది చీటీ మాత్రమే. కంప్యూటర్ వెనక్కి పరుగెత్తి పూర్తి బొమ్మ పట్టుకుని, అక్కణ్ణుంచి ఒక్కో చీటీ విప్పుకుంటూ రావాలి. అప్పటి యంత్రాలకు అంత ఊపిరి లేదు. మా కుర్రాడు మౌస్ కదిపితే టైమ్‌లైన్ మీద గీత కదిలేది, మంగళసూత్రం పట్టుకున్న చెయ్యి మాత్రం గాల్లో అలాగే నిలబడిపోయేది.

దీనికి దొరికిన మందు ఏమిటంటే, కుదించినదాన్ని ముందు విప్పేసి ప్రతి ఫ్రేమునూ విడిగా దాచుకోవడం. కానోపస్ హెచ్‌క్యూ, సినీఫామ్, 2007లో యాపిల్ తెచ్చిన ప్రోరెస్ అన్నీ ఈ దారివే. గంట ఫుటేజీ 8 జీబీ లోపు ఉండేది 50 జీబీ దాటుతుంది. హార్డ్‌డిస్కు నిండిపోతుంది కానీ, చెయ్యి కదులుతుంది.

బ్లూ-రే డిస్కులూ, వాటిని బర్న్ చేసే డ్రైవూ ఆ రోజుల్లో మాకు అందే ధరలో లేవు. దారి చూపింది ఏవీసీహెచ్‌డీయే. ఆ వీడియోను మామూలు డీవీడీ మీదే హెచ్‌డీగా రాయొచ్చు. మామూలు డీవీడీ ప్లేయర్ దాన్ని చదవలేదు, ఏవీసీహెచ్‌డీ గుర్తున్న బ్లూ-రే ప్లేయర్ చదువుతుంది. బావగారింట్లో అది ఉంది. చిక్కల్లా, సెకనుకు 18 మెగాబిట్ల చొప్పున నింపితే ఆ 4.7 జీబీలో పట్టేది సుమారు 35 నిమిషాలే. రెండు రోజుల పెళ్ళిని అందులోకి దించాలి.

రెండు రాత్రులు కూర్చున్నాం. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఉంచి, భోజనాల బంతి దాదాపు మొత్తం తీసేశాం. పిన్నికి నచ్చలేదు. "మా అన్నయ్య వడ్డించడం ఉండాలిరా" అంది. ఆయన కోసం 40 సెకన్లు వెనక్కి తెచ్చాం. ఎక్స్‌పోర్ట్ రెండు విడతల్లో పెట్టాం. మొదటి విడతలో కంప్యూటర్ సినిమా మొత్తం చూసి ఎక్కడ కష్టమో గుర్తుపెట్టుకుంటుంది, రెండో విడతలో మంత్రాల దగ్గర మిగిల్చిన బిట్లను తలంబ్రాలకు ఖర్చుపెడుతుంది. రాత్రి 10కి మొదలుపెడితే తెల్లవారి పాలవాడు వచ్చేదాకా రెండర్ నడిచింది.

2025 ఫిబ్రవరిలో సోనీ ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. మా డిస్కు పిన్ని బీరువాలో పట్టుచీరల మడతల్లో ఉంది. దానికో నకలు హార్డ్‌డిస్కులో పెట్టడానికి ఈ మధ్య తీసి, ముందు టీవీలో వేశాం. తలంబ్రాలు వచ్చేసరికి పిన్ని కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. బాసికం మీంచి గింజ జారింది.

"ఆపరా, అక్కడ ఆపు" అంది.