పోలీసులును ప్రజలును



పోలీసువారి ప్రసంగము వచ్చినంతనే మనకు లాఠీ దెబ్బలు జ్ఞప్తికి వచ్చును. నేను నేడు ప్రేలని తుపాకిని గూర్చి చెప్పదలచితిని.

1928వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీని సైమను కమిషను బొంబాయిలో దిగెను. ఆనాడు దేశమున హర్తాళము జరిగినది. మదరాసులో హైకోర్టు సమీపమున గుమిగూడిన జనముపై పోలీసులు తుపాకులు కాల్పగా ఒకడు నేలకొరిగెను. ఆ శవమును చూడబోయిన టంగుటూరి ప్రకాశం పంతులుగారిని తుపాకులు చూపి అడ్డగించిరి. ఏబదియైదేండ్ల ఆ బారిష్టరు చొక్కా విప్పి ఱొమ్ము చూపి ముందునకు నడచెను. వారు కాల్పలేదు, దారి విడిచిరి.

దీనిని మనము ఆంధ్రకేసరి సాహసమునకు తార్కాణముగా చెప్పుకొందుము. అది న్యాయమే. కాని తుపాకి పట్టినవారి సంగతియు నాకు మనసున మెదలుచుండును. బెదరించిన మాట చెల్లించుకొనవలెనని వారు పట్టుపట్టినచో మఱియొక ప్రాణము పోయెడిది; జనము రేగెడిది. దారి విడుచుటచే ప్రభుత్వమునకు కలిగిన నష్టమేమి? ఒక పెద్దమనిషి ఒక శవమును చూచెను; అంతియే.

ఈ ఓర్పు మన పోలీసునకు పుట్టుకతో అబ్బిన గుణము కాదు. 1855లో మదరాసు రాజధానియందు ఒక విచారణ సంఘము కూర్చుండెను. పన్నులకొఱకును, నేరము ఒప్పించుటకొఱకును క్రింది యుద్యోగులు జనులను వంచి కట్టి యెండలో నిలుపుచుండిరనియు, వ్రేళ్లు నొక్కి బాధించుచుండిరనియు అది తేల్చెను. పన్ను వసూలును, పోలీసధికారమును ఒకే చేతిలో నుండుట ఈ దుర్గతికి మూలము. కనుకనే 1859లో ఇచ్చట పోలీసుశాఖ వేఱుగా నేర్పడెను. అయినను దాని చేతికి తుపాకియు వచ్చెను. 1829లో లండనునందు పీలు దొర నెలకొల్పిన భటులకు సాధారణముగా చేతికఱ్ఱయే యుండెడిది; సైన్యమువలె కనబడకుండుటకై నీలి దుస్తు లిచ్చిరి. ఇచ్చటి పద్ధతికి 1843లో నేపియరు సింధులో ఐర్లండు పోలీసును చూచి యేర్పఱచిన సాయుధదళము మార్గదర్శి యయ్యెను.

చట్టము మాత్రము ఓర్పునే చెప్పెను. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు ప్రకారము మొదట చెదరిపొండని ఆజ్ఞ, వినకున్నచో బలప్రయోగము, సేనను పిలిచినను సాధ్యమైనంత తక్కువ బలము, తక్కువ హాని. 1919 ఏప్రిలు 13న జలియనువాలాబాగులో హెచ్చరికయే లేదు. పోవుటకు దారియు లేదు. ప్రభుత్వపు లెక్కకే 379 మంది మరణించిరి.

ఆ క్రమమునే 1973 కోడును, 2024 జూలై 1 నుండి అమలులోనున్న కొత్త సంహితయు నిలుపుకొన్నవి. కాని వీథిలో నిలిచిన భటునికి గ్రంథము తిరుగవేయు తీరిక యుండదు. మాట వినిపించుట, పోవుటకు దారి చూపుట, తాను ఒక్క అడుగు వెనుకకు వేయుట అవమానము కాదని యెఱుగుట — ఇవి అతనికి ముందుగనే నేర్పవలసిన విద్యలు. మదరాసు వీథిలో ఆనాడు దారి విడిచినవారిని పిఱికివారని నే ననజాలను.