నొప్పిని చెప్పు భాష

జ్వరమును కొలుచుటకు సాధనము కలదు. విరిగిన యెముక ఛాయాచిత్రమున కనబడును. నొప్పి మాత్రము రోగి నోట వచ్చినగాని వైద్యునికి తెలియదు. ఆ రోగి భాష వైద్యశాస్త్రమునకు పరాయిదైనచో నేమగును? ఫిన్లాండు దేశచరిత్రము దీనికి మంచి యుదాహరణము.

1809 వరకు ఆ దేశము స్వీడను రాజ్యములో భాగముగా నుండి, పిదప రష్యా చక్రవర్తుల యేలుబడిలోనికి వచ్చెను. ప్రభువులు మారినను కచేరీలలోను విశ్వవిద్యాలయమునను స్వీడిషు భాషయే నిలిచెను. జనులలో అత్యధికులు మాటలాడునది ఫిన్నిషు. ఈ రెండు భాషలకును చుట్టరికమే లేదు. రైతు తన బాధను చెప్పుకొను భాష యొకటి, శాస్త్రమును చదువు భాష వేరొకటి.

ఈ కొరతను గుర్తించినవారిలో ఎలియాస్ లెన్రూట్ ముఖ్యుడు. ఆయన 1833 నుండి కయానీ ప్రాంతమున జిల్లా వైద్యుడు. పల్లెలు తిరిగి జానపదగేయములను సేకరించి 1835లో 'కాలెవాల' కావ్యమును ప్రకటించెను. నొప్పులకు అధిదేవతయైన కన్య యొకతె అందులో కలదు. 1839లో ఆయనయే రైతుకుటుంబముల కొరకు ఫిన్నిషున గృహవైద్య గ్రంథమును వ్రాసి, అందుకు వలసిన పదములను పెక్కింటిని కల్పించెను. 1863 నాటి శాసనము ఫిన్నిషునకు రాజ్యవ్యవహారమున స్థానము కల్పించెను. 1881లో హెల్సింకి నగరమున వైద్యవిద్యార్థులు స్వభాషలో వైద్యవాఙ్మయమును పెంపొందించుటకై 'డువోడెకిమ్' సంఘమును స్థాపించిరి.

అటుపిమ్మట సమస్య వేరొక రూపమున వచ్చెను. కెనడా దేశమున మెల్జాక్, టోర్గర్సన్ అనువారు 1971లో నొప్పిని తెలుపు 102 ఆంగ్లపదములను వర్గీకరించిరి. 1975లో మెల్జాక్ వానినుండి 78 పదములతో ప్రశ్నావళిని కూర్చెను. దీనిని నిఘంటువు ముందుంచుకొని తర్జుమా చేయుట సాధ్యమా? ఫిన్నిషున 'సర్‌కు' అనునది పోటునకు పేరు. పగులగొట్టుట యను క్రియతో దానికి సంబంధము కలదు. ఇట్టి మాట బరువు ఆంగ్లపదమున దొరకదు. అందువలననే 1981లో కెతొవువొరి, పొంటినెన్ అనువారు ఫిన్నిషు నొప్పి పదజాలమునే ప్రత్యేకముగ సిద్ధపరచిరి.

ఇటీవలి ప్రశ్నావళులు నొప్పి యెట్టిదని మాత్రమే గాక, అది దీర్ఘవ్యాధిగా పరిణమించు ననుమానము కలదా యనియు విచారించును. 2008లో ఇంగ్లాండున కీల్ విశ్వవిద్యాలయమువారు నడుమునొప్పికై తొమ్మిది ప్రశ్నల పట్టికను ప్రకటించిరి. కాలిలోనికి నొప్పి దిగుచున్నదా? బట్టలు కట్టుకొనుట ఆలస్యమగుచున్నదా? ఇక నయము కాదని తోచుచున్నదా? ఈ సమాధానములనుబట్టి రోగులను మూడు తరగతులుగ విభజించి, ఎవరికి సలహా చాలునో, ఎవరికి వ్యాయామ చికిత్సతోపాటు మనస్సునకు ధైర్యము కూడ వలయునో నిర్ణయింతురు. ఒక్క మాట తప్పుగా దిగినను రోగి తప్పు తరగతిలో పడును.

కనుక పద్ధతి కఠినము. ఇద్దరు వేర్వేరుగ అనువదింతురు. రెంటిని సరిపోల్చి యొకటిగా కూర్తురు. మూలము నెరుగని వేరొకరు దానిని మరల మూలభాషకు మార్చుదురు. తేడాలను పండితులు పరిష్కరింతురు. తరువాత రోగులచేత చదివించి, వారేమని గ్రహించిరో యడుగుదురు. కొన్నిదినములకు మరల ప్రశ్నింపగా, స్థితి మారనివాడు అదే సమాధాన మీయవలెను. ఇట్టి పరీక్షల పిమ్మట ఫిన్నిషు ప్రతి గుణములు 2016లో ప్రకటింపబడెను.

అనువాదము పండితుని బల్లమీద ముగియదు, బాధపడువాని నోట ముగియును. ఇది మేము గ్రహించిన సారము. మన తెలుగున సలుపు, పోటు, తీపు, మంట యని యెన్ని మాటలు! ఇంటి ముసలమ్మ వీనిలో నొక్కదానిని మరియొకదానికి బదులు వాడదు. చదువుకొన్న మనము ఆమెను ఆసుపత్రికి గొనిపోయి, ఆమె చెప్పినదంతయు 'పెయిను' అను నొక్కమాటతో ముగింతుము. ఆమె మాటను ఆమె పలికినట్లే వైద్యునికి వినిపించుట చదువరులు నేడే యారంభింపదగిన పని.