రచ్చబండ నుంచి మూట్ కోర్టు దాకా

శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో కొన్ని కేసులు నడుస్తుంటాయి. వాటిలో కక్షిదారు ఉండడు, ఫీజు ఉండదు, తీర్పుతో ఎవరి భూమీ చేతులు మారదు. అయినా విద్యార్థులు నిద్ర మానుకుని మరీ వాదిస్తారు. వీటినే మూట్ కోర్టులంటారు. ఈ 'మూట్' అన్న మాట వెనక వెయ్యేళ్ల కథ ఉంది.

చెట్టు కింద తీర్పు

పాత ఇంగ్లిషులో 'గెమోట్' అంటే సభ. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలవకముందు అక్కడి రాజుకు సలహా చెప్పే పెద్దల సభను 'విటెనగెమోట్' అనేవారు. కిందిస్థాయిలో 'హండ్రెడ్' అనే పాలనా విభాగాలకూ సభలుండేవి. అవి నాలుగు వారాలకోసారి ఏ చెట్టు కిందో, మట్టిదిబ్బ మీదో కూడేవి. దొంగతనాలూ పొలం గొడవలూ అక్కడే తేలేవి. అచ్చం మన రచ్చబండే! సభకున్న పేరు మెల్లగా ఆ సభలో సాగే వాదనకూ అంటుకుంది. మన 'తగవు' సంగతీ ఇలాంటిదే. పాత తెలుగులో తగవంటే న్యాయం, తగవరి అంటే తీర్పరి. ఇవాళ తగవంటే పోట్లాటే.

భోజనాల హాల్లో కోర్టు

15, 16 శతాబ్దాల్లో లండన్ న్యాయవాదుల నిలయాలైన ఇన్స్ ఆఫ్ కోర్ట్ ఈ మాటను అందిపుచ్చుకున్నాయి. గ్రేస్ ఇన్, లింకన్స్ ఇన్ వంటి చోట్ల భోజనాలు ముగిశాక అదే హాలు కోర్టయ్యేది. సీనియర్లు జడ్జీలుగా బెంచీ ఎక్కితే కుర్రవాళ్లు కల్పిత కేసు వాదించేవారు. అటూ ఇటూ వాదించడానికి వీలున్న అంశమే 'మూట్ పాయింట్'. 17వ శతాబ్దపు అంతర్యుద్ధంతో ఈ ఆనవాయితీ దెబ్బతింది. తర్వాతి కాలంలో మళ్లీ ఊపిరి పోసుకుంది.

అమెరికాలో అర్థం తిరగబడింది. కేసు కల్పితం కాబట్టి తీర్పుతో పనేముంది అనుకున్నారేమో, అక్కడ మూట్ అంటే వాదించి లాభంలేనిది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం లా సీటు నిరాకరించిందని మార్కో డీఫ్యూనిస్ అనే అతను కోర్టుకెక్కాడు. కింది కోర్టు ఆదేశంతో చేరి చదువుకున్నాడు. 1974లో వ్యవహారం సుప్రీంకోర్టులో తేలే నాటికి అతని చదువే పూర్తికావచ్చింది. కేసు 'మూట్' అయిపోయిందంటూ 5–4 తేడాతో కోర్టు పక్కన పెట్టింది. ఇలాంటి కేసును మన వకీళ్లు 'ఇన్‌ఫ్రక్చువస్' అంటారు.

రెండు పక్షాలూ మనవే

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టంతో పుట్టిన నల్సార్‌కు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తే ఛాన్సలర్. 1960లో మొదలైన జెస్సప్ అంతర్జాతీయ మూట్ వంటి పోటీలు అక్కడి లా విద్యార్థులకూ పెద్ద పరీక్ష. ఒకే జట్టు వాదికీ ప్రతివాదికీ వేర్వేరుగా 'మెమోరియల్' (రాతపూర్వక వాదన) రాయాలి. పొద్దున ఎవరి తరఫున నిలబడ్డారో, మధ్యాహ్నం వారి మీదే వాదించాల్సి రావచ్చు. కాగితం చూసి చదవబోతే జడ్జి మధ్యలోనే ఆపి, 'ఈ తీర్పు మీ కేసుకెలా వర్తిస్తుంది?' అని నిలదీస్తారు. తడబడితే మార్కులు పోతాయి. ఎదుటివాడి బలమేమిటో తెలియకుండా వాదనకు దిగకూడదన్న పాఠం అక్కడే ఒంటబడుతుంది.

ఇది పెద్ద విశ్వవిద్యాలయాల సరదా మాత్రమే కాదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లోని ప్రాక్టికల్ పేపరులో మూట్లకు 30 మార్కులున్నాయి. ఒక్కో మూట్‌కు రాతకు 5, నోటి వాదనకు 5.

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లిషే కావచ్చు. కానీ మేడ్చల్ రైతు తన గోడు చెప్పుకునేది, సాక్షి బోనెక్కి మాట్లాడేది తెలుగులో. అందుకే మన లా కాలేజీలు ఏడాదికి ఒక్క మూట్‌నైనా తెలుగులో నడపాలి. రేపు ఆ రైతు పక్కన నిలబడే వకీలుకు అంతకు మించిన సాధన లేదు.