పాపికొండలలో వెదురు తెప్పలు

ఉప్పల్, నాచారము, రామంతాపూరు ప్రాంతములనుండి సెలవు దినములలో పాపికొండలకు పోయివచ్చిన కుటుంబములు మన సంఘములలో అనేకములు కలవు. మీలో కొందరు రాజమహేంద్రవరముదాక రైలులో పోయి, అటుపైన పడవ యెక్కి, పేరంటపల్లి రేవులో దిగి, కొండవాగు వెంబడి కొంత దూరము నడిచి, కొల్లూరు ఇసుకతిన్నెమీద వెదురు గుడిసెలో రాత్రి గడిపి, చేపల పులుసు తిని వచ్చియుందురు. నడకయు, పడవయు, చేపయు ఒక్క ప్రయాణములోనే దొరకుట నగరవాసికి గొప్ప విశ్రాంతి. ఆ విశ్రాంతిని నేను తప్పుపట్టను. అయితే ఆ కొండలలో ఈ మూడు పనులను తరతరములుగా పొట్టకూటికి చేసినవారు కలరు. వారి చరిత్రను వ్రాసిన మనుష్యుడు ఒకప్పుడు మన పొరుగుననే పాఠములు చెప్పెను. ఆ సంగతి మీలో ఎక్కువమంది ఎరుగరని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట నదినిగూర్చి కొంచెము చెప్పవలెను. ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలుకొని 1852 వరకు కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరగారు అంతటితో తృప్తి పడలేదు. నాగపూరు, బీరారు దేశముల ప్రత్తి గోదావరిమీదుగా సముద్రమునకు దిగిరావలెనని ఆయన ఆశ. ఆ పని హేగ్ అను ఇంజనీరు చేతికి వచ్చెను. దుమ్ముగూడెమునొద్ద నదికి అడ్డముగా రాతిబండల వరుస యున్నది. అక్కడ ఆనకట్టయు, కాలువయు, పడవలు దాటుటకు లాకులును కట్టిరి. ఎగువను అట్టి అడ్డంకులు మరి రెండు కలవు. జ్వరములు పనివారిని పీడించెను, ఖర్చు పెరిగెను, ఇంతలో రైలు వచ్చెను. 1871లో ప్రభుత్వమువారు ఆ పనిని విడిచిపెట్టిరి. కోయలమధ్య మిషను సేవ ఆ దుమ్ముగూడెములోనే, ఆ హేగ్ దొరగారి ప్రోత్సాహమువలననే ఆరంభమాయెను. నేను చదివిన మిషను చరిత్రలలో ఆయన పేరు తప్పక కనబడును. ఆయన పడవలను సుడిగుండములు దాటించిన సరంగుల పేర్లు మాత్రము కనబడవు.

మరియొక మాట. సముద్రమునుండి ఏటికి ఎదురీది వచ్చు పులసకు ధవళేశ్వరము ఆనకట్ట అడ్డు నిలిచెను. డెల్టాకు అన్నము పెట్టిన కట్టయే చేపకు ఎగువదారి మూసెను. కాటన్ దొరగారిని పూజించు మనవారు దీనిని సాధారణముగా చెప్పుకొనరు.

ఇప్పుడు మన పొరుగువానియొద్దకు వత్తును. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన ఆస్ట్రియా దేశస్థుడు. 1939లో యుద్ధము మొదలైనప్పుడు ఆయన ఇండియాలో ఉండెను. చేతిలో జర్మను పాస్‌పోర్టు ఉన్నందున శత్రుదేశస్థుడుగా ఎంచబడి హైదరాబాదు సంస్థానమును దాటకుండ ఉండవలసివచ్చెను. మరియొకడైతే ఆ సంవత్సరములను విసుగుతో గడిపియుండును. ఆయన భార్య బెట్టీతోకూడ అడవికి పోయెను. 1940లో నల్లమల చెంచులయొద్దను, 1941లో గోదావరి గండిలోని కొండరెడ్లయొద్దను నివసించెను. పడవలో కొంత దూరము, మిగిలినది కాలినడక. కొయిదా మొదలైన నదీతీరపు పల్లెలనుండి కొండలపైనున్న నాలుగేసి గుడిసెల ఊళ్లదాక ఎక్కి దిగుచు ఆయన చూచినదంతయు 1945లో లండనులో గ్రంథముగా అచ్చాయెను. ఆ కాలముననే ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఆచార్యుడాయెను. మన రామంతాపూరునుండి ఆ ఆవరణము ఎంత దూరము?

కొండరెడ్లు మాటలాడునది తెలుగే. కొండవాలున పోడు నరికి, మొన కఱ్ఱతో నేలను గుచ్చి విత్తనము వేయుదురు. జీలుగు కల్లు త్రాగుదురు; కరవులో ఆ చెట్టు దవ్వనే పిండిచేసి తిందురు. నది ఒడ్డువారు దోనెలమీద పోయి వలలు వేయుదురు. వాగులకు అడ్డుకట్టి వెదురు బుట్టలు ఒడ్డుదురు. ఇంతవరకు మనకు ముచ్చటగానే ఉన్నది.

కాని రెడ్ల కష్టమంతయు వెదురులో ఉండెను. అడవిని గుత్తకు తీసికొనిన వర్తకులు వారిచేత వెదురు నరికించి, వాలువెంట ఈడ్పించి, రేవున లెక్కించి, తెప్పలు కట్టించి రాజమహేంద్రవరమునకు పంపుచుండిరి. పొడుగాటి గడలతో ఆ తెప్పలను బండలకు తగులకుండ నడపుట చిన్న విద్య కాదు. తెప్ప దిగువకే పోవును. మనుష్యుడు మరల ఎగువకు రావలెను. ఇంత చేసినవానికి దొరకినది కొంచెము ధాన్యము, దానితోకూడ అప్పు. లెక్క వ్రాయువాడు వర్తకుడే. రెడ్డికి అక్షరము రాదు. తండ్రి చనిపోయిన తరువాత ఆ అప్పు కొడుకు మెడకు చుట్టుకొనెను. నాట్లకాలములో పోడుకు పోదమన్నను, వర్తకుని పిలుపు ముందు. మన పెండ్లి పందిళ్లకును నిచ్చెనలకును వచ్చిన వెదురు వెనుక ఈ లెక్కల పుస్తకము ఉండెను. పేరంటపల్లిలో ఆశ్రమము కట్టుకొనిన హిందూ సన్యాసి ఒకరు రెడ్ల పక్షమున నిలిచి అధికారులతో మాటలాడిరి. దీనిని ఒక క్రైస్తవ పత్రికలో సంతోషముగా వ్రాయుచున్నాను.

హైమన్‌డార్ఫ్ ఈ సంగతులను పుస్తకములో దాచి ఊరకుండలేదు. నైజాము ప్రభుత్వమునకు గిరిజనుల విషయమై సలహాదారుడాయెను. 1356 ఫసలీలో, అనగా 1946లో, హైదరాబాదు గిరిజన ప్రాంతముల చట్టము వచ్చుటకు ఆయన నివేదికలు తోడ్పడెను. నదికి ఆవలి గట్టు మద్రాసు రాజధానిలోనిది. అక్కడ ఏజెన్సీ భూములను, వడ్డీలను గూర్చిన చట్టము 1917 లోనే ఉండెను. చట్టము పుట్టుట ఒకటి, అది కొండ యెక్కుట ఒకటి. 1970ల దశకములో ఆయన మరల తిరిగి చూచినప్పుడు భూములు పరులపాలగుటయు, కాగితపు మిల్లులకొరకు వెదురడవులు తరుగుటయు కనబడెను. ఆ మాటలను 1982 నాటి గ్రంథములో దాపరికము లేకుండ వ్రాసెను. బెట్టీ 1987లో హైదరాబాదులో మరణించగా, ఆదిలాబాదు గోండుల మార్లవాయి గ్రామములో పాతిపెట్టిరి. 1995లో ఆయన కూడ గతించెను. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచిరి.

తెప్పలు పోయిన నీటిమీదనే తరువాత విహారపు పడవలు వచ్చెను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందమునొద్ద, వరదలో, అట్టి పడవ యొకటి మునిగి సుమారు 50 మంది చనిపోయిరి. వారిలో మన తెలంగాణవారును ఉండిరి. అప్పుడు మునిగినవారిలో ఇరువదిమందికి పైగా ప్రాణములతో ఒడ్డు చేరిరి. నాటుపడవలతో ఎదురేగి వారిని లాగినది ఆ ఒడ్డు పల్లెవారే.

పోలవరము ఆనకట్ట నిండినయెడల ఆ గండిలోని పల్లెలు అనేకములు మునుగును. కొయిదా ఉన్న వేలేరుపాడు మండలము అందువలననే 2014లో తెలంగాణనుండి ఆంధ్రప్రదేశమునకు మారెను. మునుగు ఊళ్లవారికి దూరమున కాలనీలు కట్టిరి. వాటిలో ఒకటి జంగారెడ్డిగూడెమువైపు తాడువాయిలో ఉన్నది. వరుసగా సిమెంటు ఇండ్లు, మధ్య రోడ్డు, విద్యుద్దీపములు కలవు. గోదావరి మాత్రము అక్కడనుండి కనబడదు.