బొబ్బిలి కథలో పాట దక్కనివాళ్లు

1757 జనవరి 24. బొబ్బిలి మట్టికోటను ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు చుట్టుముట్టాయి. పక్కనే విజయనగరం పూసపాటి విజయరామరాజు బలగం. ఒక్క రోజులో కోట కూలింది. ఆ ఒక్క రోజు చుట్టూ రెండున్నర శతాబ్దాలుగా మనం పౌరుషగాథ అల్లుకుంటూనే ఉన్నాం.

గుమ్మెట మోగించి జంగం కథకులు ఊరూరా పాడారు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ రాశాడు. 1964లో సినిమా వచ్చాక బొబ్బిలి రాజు రంగారావు అంటే ఎన్టీఆర్, ఆయన సర్దారు పాపారాయుడు అంటే ఎస్వీఆర్ అయిపోయారు. పాడేవాడికి వీరుడు కావాలి, ద్రోహి కావాలి. ఈ రెండు పాత్రల్లో దేనికీ ఒదగనిదల్లా మెల్లగా జారిపోయింది.

మొదట జారిపోయింది నీటి తగాదా. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసినదాన్ని బట్టి రెండు సంస్థానాల వైరంలో వాగుల నీళ్ల మళ్లింపు పెద్ద విషయం. పొలం ఎండితే రైతుకు కడుపు మండుతుంది, అతని దొరకు శిస్తు పడిపోతుంది. ఎంత నిజమైనా, ఈ మాట వీరరసానికి అతకదు.

తర్వాత ఆడవాళ్లు. కోట నిలవదని తేలాక రాణివాసాన్నీ పసిపిల్లల్నీ సొంతవాళ్లే చంపేశారు. కథ దీన్ని రంగారావు రాణి మల్లమ్మదేవి త్యాగంగా చెబుతుంది. ఆ గదుల్లో ఎవరైనా బతకాలనుకున్నారా, ఎవరైనా వద్దని వేడుకున్నారా అని ఏ కథకుడూ అడగలేదు. ఇన్ని వందల ప్రాణాల మీద నిలబెట్టిన గొప్పను తలచుకుంటే నాకు రోమాలు నిక్కబొడుచుకోవు, గుండె బరువెక్కుతుంది.

మూడోవాడు ఓర్మ్ రాతలో కనిపించే ఒక ముసలాయన. పోరు ముగిశాక రంగారావు కొడుకుని చేయిపట్టి తీసుకొచ్చి ‘లా’ అనే ఫ్రెంచి అధికారి ముందు నిలబెట్టాడు. తండ్రి ఇష్టానికి ఎదురు వెళ్లి ఈ బిడ్డను దక్కించానని చెప్పుకున్నాడు. యజమాని మాట జవదాటినవాడు వీరగాథలో ఇమడడు మరి! విజయరామరాజు గుడారంలో దూరి పగ తీర్చుకున్న పాపారాయుడిది ఇంటింటా తెలిసిన పేరు. ముసలాయన పేరు ఓర్మ్ సైతం రాయలేదు. ఆయన కాపాడిన ఆ పిల్లవాడే, చిన్న రంగారావు, తర్వాతి రోజుల్లో బొబ్బిలి సంస్థానానికి వారసుడయ్యాడు.