సరకు రవాణా మార్గ ప్రణాళిక (సిద్దిపేట)

ఏ లారీ, ఏ సరకుతో, ఏ దారిన, ఏ వేళకు బయలుదేరాలో ముందే నిర్ణయించే పని. హైదరాబాద్‌ను కరీంనగర్, రామగుండంతో కలిపే రాజీవ్ రహదారి సిద్దిపేట మీదుగా వెళ్తుంది. మెదక్–ఎల్కతుర్తి జాతీయ రహదారి 765డీజీ కూడా ఈ పట్టణాన్ని తాకుతుంది.

రోజువారీ పని: ప్రణాళికకర్త ఉదయమే ఆర్డర్లు, ఖాళీ బండ్లు, డ్రైవర్లను సరిచూస్తారు. 2018లో సవరించిన పరిమితుల ప్రకారం రెండు ఇరుసుల లారీ సరకుతో కలిపి 18.5 టన్నులు, మూడు ఇరుసులది 28.5 టన్నులు మించరాదు. సాధారణంగా విలువ రూ.50,000 దాటిన సరకుకు ఈ-వే బిల్లు (సరకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి. దాని గడువు మామూలు సరకుకు 200 కి.మీ.కు ఒక రోజు. హైదరాబాద్ నగరంలో భారీ వాహనాలకు వేళల ఆంక్షలున్నందున, అవతలి జిల్లాలకు పోయే బండ్లను శామీర్‌పేట వద్ద అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కిస్తారు. తిరుగు ప్రయాణంలో బండి ఖాళీగా రాకుండా లోడు వెతకడమూ ఇందులో భాగమే.

ధాన్యం కాలం: వానాకాలం, యాసంగి కోతలప్పుడు పని ముమ్మరమవుతుంది. కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు లారీలు సర్దాలి. మిల్లులో దించుకోవడం ఆలస్యమైతే, కేంద్రాల్లో బస్తాలు పేరుకుపోయి వానకు తడిసే ప్రమాదముంది.